గుండె కోర్సుకు పోయి కాళ్లు పట్టుకోవడం నేర్చుకున్నా

ఫీజు 18,000, జీఎస్టీ వేరే. ఆరు నెలల కోర్సు. ప్రతి గురువారం రాత్రి ఎనిమిదింటికి ఆన్‌లైన్ క్లాసు, మధ్యలో ఒక ఆదివారం నల్లగొండలో, చివర్లో రెండు రోజులు హైదరాబాదులో ప్రాక్టికల్స్. పీహెచ్‌సీ డాక్టర్లకు, ఊళ్లల్లో క్లినిక్ పెట్టుకున్న ఎంబీబీఎస్‌లకు గుండె, రక్తనాళాల జబ్బుల మీద అని బ్రోచర్‌లో రాశారు. నడిపేది ఒక పెద్ద కార్పొరేట్ ఆస్పత్రి వాళ్లు. పేరు రాయను. కింద కొన్ని తిట్లున్నాయి, రేపు నా పేషెంటును మళ్లీ వాళ్ల దగ్గరికే పంపాల్సి రావచ్చు.

నేను దేవరకొండ వైపు ఒక పీహెచ్‌సీలో తొమ్మిదేళ్లుగా చేస్తున్నా. ఈ కోర్సు కట్టడానికి కారణం ఒక సార్బిట్రేట్ మాత్ర, రక్తనాళాలను వదులు చేసే నైట్రేట్ మందు. పోయిన వానాకాలం పత్తి చేనులోంచి ఒకాయన్ని బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తెచ్చారు, యాభై దాటి ఉంటాయి, అంగీ మొత్తం చెమటతో తడిసిపోయింది, "గ్యాస్ పట్టింది సారూ, ఒక సూది ఏస్తే పోతది" అంటున్నాడు. ఈసీజీ తీస్తే రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ గీత లేచి ఉంది, అంటే గుండె కింది గోడకు ఎటాక్, ఇన్‌ఫీరియర్ ఎంఐ. ఆస్పిరిన్ నమిలించా, క్లోపిడోగ్రెల్ ఇచ్చా, అలవాటు కొద్దీ నాలుక కింద సార్బిట్రేట్ కూడా పెట్టేశా. ఐదు నిమిషాల్లో పై బీపీ 70కి పడిపోయింది, మనిషి కళ్లు తేలేశాడు. మా స్టాఫ్ నర్సు కాళ్లు ఎత్తి పట్టుకుంది, నేను సెలైన్ వదిలా. అదృష్టం బాగుండి తేరుకున్నాడు, 108లో హైదరాబాదు పోయాడు, స్టెంట్ వేశారు, ఇప్పుడు మళ్లీ చేనుకు పోతున్నాడు. ఇన్‌ఫీరియర్ ఎంఐలో కుడి జఠరిక కూడా దెబ్బతిని ఉంటే నైట్రేట్లు ఇవ్వొద్దని ఫైనలియర్‌లో నేనూ చదివా. ఆ టైముకు గుర్తుకు రాలేదు, అంతే.

ఆ లెక్కన ఈసీజీ క్లాసులకే సగం ఫీజు వసూలైంది. చెప్పినాయన పుస్తకంలోని అందమైన ఈసీజీలు పెట్టడు, వాట్సాప్‌లో వచ్చే వంకర ఫోటోలు పెడతాడు, నీడ పడినవి, సగం కోసుకుపోయినవి, ఎందుకంటే మనం పెద్దాస్పత్రికి పంపేవి అవే. ఇన్‌ఫీరియర్ ఎంఐ కనపడగానే ఎడమ ఛాతీ మీది వీ4 లీడు తీసి కుడివైపు అదే చోట అతికించి ఇంకోటి తీయమంటాడు, అక్కడ ఎస్‌టీ లేస్తే నైట్రేట్ జోలికి పోవద్దు. అర నిమిషం పని. వీ1 నుంచి వీ3 దాకా ఎస్‌టీ కిందికి దిగి ఉంటే వీపు వైపు వీ7, వీ8, వీ9 పెట్టి చూడాలి. మొదటి ఈసీజీ మామూలుగా ఉందని ఇంటికి పంపొద్దు, నొప్పి తగ్గకపోతే పావుగంటకో అరగంటకో మళ్లీ తీయాలి.

ఒక గురువారం ఆయన హోంవర్క్ ఇచ్చాడు: రేపు పోయి మీ టెక్నీషియన్ వీ1, వీ2 ఎక్కడ పెడుతున్నాడో చూడండి అని. పోయి చూశా. మా పిల్లవాడు వాటిని దాదాపు కాలర్ ఎముక కిందే అతికిస్తున్నాడు. ఉండాల్సింది నాలుగో పక్కటెముకల సందులో, రొమ్ము ఎముకకు అటొకటి ఇటొకటి. గొంతు కింద గుంట నుంచి వేలు కిందికి జారిస్తే ఒక గట్టు తగులుతుంది, దాని పక్కనున్నది రెండో పక్కటెముక, అక్కడి నుంచి వేలితో లెక్కపెట్టుకోవాలి. పైన పెడితే ఎప్పుడో ఎటాక్ వచ్చిపోయినట్టు దొంగ గుర్తులు కనపడతాయి. ఇన్నేళ్లలో ఎంతమందికి అట్లా తీశామో, ఎంతమందిని ఊరికే భయపెట్టామో. వాడిని ఏమీ అనలేకపోయా, నేర్పాల్సింది నేనే కదా.

ఇంకో మాట, ఇది మన దగ్గర చాలా అవసరం. ఎటాక్ అనుమానం ఉన్నోళ్లకు పిర్రకు సూది వేయొద్దు. తర్వాత గడ్డ కరిగించే మందు ఇస్తే సూది గుచ్చిన చోట లోపల రక్తం కారుతుంది. మన ఆర్‌ఎంపీలేమో ఛాతీ నొప్పి అనగానే ముందు డైక్లో ఒకటి, గ్యాస్ సూది ఒకటి వేసి, అప్పుడు మన దగ్గరికి తోలుతారు. నేను చుట్టుపక్కల నలుగురు ఆర్‌ఎంపీలను కూర్చోబెట్టి చాయ్ తాగించి మరీ చెప్పా. ముగ్గురు మానేశారు.

ఇప్పుడు తిట్లు. యాంజియోప్లాస్టీ (మూసుకుపోయిన నాళాన్ని బెలూన్‌తో తెరవడం) మీద నాలుగు వారాలు తీసుకున్నారు. చేతి నుంచి పోవాలా తొడ నుంచి పోవాలా, రక్తనాళం రెండుగా చీలే చోట స్టెంట్ ఎట్లా వేయాలి, లోపలి ఫోటోలు. నేనేమన్నా వేస్తానా? ఆస్పత్రి గుమ్మం తొక్కిన 90 నిమిషాల్లో బెలూన్ అని స్లైడు మీద ఎర్రక్షరాలు. మా పేషెంటు ఆ గుమ్మం తొక్కాలంటే కొండమల్లేపల్లి, చింతపల్లి, మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం దాటి సిటీ ట్రాఫిక్‌లో పడాలి, దానికి ముందు తండా నుంచి మా దాకా రావాలి, దానికీ ముందు ఇది గ్యాస్ కాదని ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి. ఇదే చాట్‌లో అడిగితే "గుడ్ క్వశ్చన్" అని తర్వాతి స్లైడుకు పోయారు.

ఐదో నెలలో, ఎవరో రావాల్సిన సారు రాక, జిల్లా ఆస్పత్రిలో చేసి వచ్చిన ఒక కుర్ర కార్డియాలజిస్టు క్లాసు తీసుకున్నాడు. ఆ గంటన్నరే అసలు కోర్సు. ఎటాక్ అని తేలిన 120 నిమిషాల్లో రక్తనాళం తెరవలేరనుకుంటే ఆగొద్దు, అడ్డు చెప్పే కారణాలు లేకపోతే గడ్డ కరిగించే మందు వేసి పంపండి అన్నాడు. ఆ మందు టెనెక్టిప్లేస్ అయితే బరువును బట్టి: 60 కిలోల లోపు 30 మిల్లీగ్రాములు, అక్కడి నుంచి పది కిలోలకు 5 చొప్పున పెంచుతూ 90 దాటితే 50, వయసు 75 దాటితే సగం. మందు వేశాక కూడా పేషెంటును మన దగ్గరే ఉంచుకోకుండా యాంజియో జరిగే చోటికి పంపాలి. మందు లేని పీహెచ్‌సీలో ఉన్నవాడు ఎవరికి ఫోన్ చేయాలి, ఫోన్లో మొదటి వాక్యం ఏం చెప్పాలి, అది కూడా చెప్పాడు. మొదటి వారం చెప్పాల్సిన క్లాసు ఇది, ఎవరో రాకపోతే దొరికింది.

నల్లగొండ ఆదివారానికి వస్తా. క్లాక్ టవర్ దగ్గరలో ఒక ఫంక్షన్ హాలు, అరవై మందిలో ఇరవై రెండు మందే వచ్చాం, రానోళ్లు నష్టపోయారు. వచ్చింది వాస్కులర్ సర్జన్. మైకు తీసుకోలేదు, అందరినీ బూట్లు, సాక్సులు విప్పమన్నాడు. పక్కవాళ్ల కాలు పట్టుకోండి అన్నాడు. హాలంతా నవ్వులు, ఒక సీనియర్ మేడమ్ నా కాలు పట్టుకుంటే నాకు సిగ్గు. పాదం పైన బొటనవేలిని లేపే స్నాయువు పక్కన ఒక నాడి, లోపలి చీలమండ వెనక ఒకటి. మొదటిది కొంతమందికి పుట్టుకతోనే దొరకదు కాబట్టి రెండోది చూడకుండా ఏమీ తేల్చొద్దు. తర్వాత 8 మెగాహెర్ట్జ్ చేతి డాప్లర్ (రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న మిషను) ఇచ్చి చీలమండ దగ్గర బీపీ తీయించాడు. ఆ పై అంకెను చేతి పై బీపీతో భాగిస్తే 0.9 లేదా అంతకన్నా తక్కువైతే కాలి రక్తనాళాలు మూసుకుపోతున్నట్టే. షుగర్ పేషెంట్లలో 1.4 దాటితే బాగుందని మురిసిపోవద్దు, నాళం గట్టిపడి కఫ్‌కు నొక్కుకోవడం లేదని అర్థం.

సరిగ్గా తొమ్మిది రోజులకు ఒక గొర్లకాపరి వచ్చాడు. వెంట ప్లాస్టిక్ కవర్లో రెండేళ్ల చీటీలు. నరాల నొప్పి అని బీ12 సూదులు, నడుము ఎక్స్‌రేలు. అందులో రెండు చీటీలు నా చేతిరాతే. "పిక్క పట్టేస్తది సారూ, పోచమ్మ గుడి కాడికి పోంగనే ఆగాలె, జర నిలబడితే మళ్ల నడుస్తా." ఎప్పుడూ గుడి దగ్గరేనా అని అడిగా. "ఆడనే సారూ." ఎప్పుడూ అంతే దూరంలో పట్టేసి, నిలబడితే చాలు తగ్గిపోయే నొప్పి నడుముది కాదు. బీడీలు రోజుకు రెండు కట్టలు. చెప్పులు విప్పించి కాలు పట్టుకుంటే ఆయన కంగారుపడి వెనక్కి లాక్కున్నాడు, డాక్టర్ కాళ్లు పట్టుకోవడమేంటని. కుడి పాదంలో రెండు నాడులూ లేవు. నేను అప్పటికే 6,500 పెట్టి డాప్లర్ కొనుక్కున్నా. చేతికి 140, చీలమండకు 74, అంటే 0.53. హైదరాబాదు పంపితే ప్రస్తుతానికి ఆపరేషన్ వద్దన్నారు. బీడీ మానాలి, అటోర్వాస్టాటిన్, క్లోపిడోగ్రెల్, నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవాలి. ఇప్పుడు గుడి దాటి బడి దాకా పోతున్నాడు. బీడీలు ఒక కట్టకు దిగాయి, ఆయన లెక్క ప్రకారం.

అదే రోజు ఇంకో అరగంట ఉన్నట్టుండి చల్లబడిపోయే కాలు గురించి చెప్పారు. ఆరు గంటల్లోపు రక్తం పారించకపోతే కాలు తీసేయాల్సి రావచ్చు, వాళ్లలో గుండె లయ తప్పినవాళ్లు ఎక్కువ, కాబట్టి నాడి పట్టుకున్న చేత్తోనే గుండె కూడా వినండి అని.

మధ్యాహ్నం ఉప్పు మీద క్లాసు, రోజుకు 5 గ్రాములు దాటొద్దని. వెంటనే భోజనాల్లో ఆవకాయ, అప్పడాలు, బిర్యానీ. ఎవరూ నోరెత్తలేదు, నేను రెండోసారి కూడా వడ్డించుకున్నా.

మిగతావి తొందరగా చెప్తా. బీపీ క్లాసు బాగుంది, చొక్కా చేతి మీద కఫ్ చుట్టొద్దు, లావు చేతికి చిన్న కఫ్ వాడితే బీపీ లేనివాడికీ ఉన్నట్టు చూపిస్తుంది లాంటివి. కాకపోతే ఐదు నిమిషాలు కుర్చీలో కూర్చోబెట్టాలంటారు, 120 ఓపీలో మాకున్న కుర్చీలు ఏడు. రుమాటిక్ గుండె జబ్బుకు పది నిమిషాలే ఇచ్చారు, మూడు వారాలకోసారి 12 లక్షల యూనిట్ల పెన్సిలిన్ వేసే పని మొత్తం మాదైనప్పుడు ఇది అన్యాయం. హార్ట్ ఫెయిల్యూర్ క్లాసులో చెప్పిన మందుల్లో సగం మా మందుల గదిలో లేవు.

యాప్ దండగ. రికార్డింగులు మధ్యలో ఆగిపోతాయి. చివరి పరీక్షలో 50 ప్రశ్నలు, అందులో 11 స్టెంట్ల మీద, కాలి నాడి మీద ఒక్కటీ లేదు. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఐదేళ్లలో 30 గంటల సీఎంఈ (డాక్టర్లు చదువు కొనసాగించే క్లాసులు) కావాలి కదా, ఆ సర్టిఫికెట్ కోసమైతే దీనికి 18,000 పెట్టొద్దు, తక్కువలో చాలా ఉన్నాయి. ఈసీజీ కోసం, ఆ ఆదివారం కోసం అయితే కట్టండి, కట్టేముందు ఆ ఆదివారం ఉందా లేదా ఫోన్ చేసి కనుక్కోండి, వచ్చే బ్యాచ్‌కు దాన్ని కూడా ఆన్‌లైన్ చేస్తారని విన్నా.

పోయిన వారం వాళ్ల ఆఫీసు నుంచి ఫీడ్‌బ్యాక్ కాల్ వచ్చింది. గడ్డ కరిగించే క్లాసు మొదటి నెలకు మార్చమని చెప్దామని గొంతు సవరించుకున్నా. ఆ అమ్మాయి అడిగింది రెండే: నల్లగొండలో భోజనం ఎలా ఉంది సార్, హాలులో ఏసీ పనిచేసిందా?