వేపుడుకి తాజాదా, ఫ్రోజెనా: ఏది మేలు?

ఆదివారం దగ్గరపడితే చాలు, నన్ను అడిగేది ఒకటే ప్రశ్న: చికెన్ కొట్టించి తెచ్చి పకోడీ వేసుకోవాలా, ఫ్రోజెన్ నగ్గెట్స్ ప్యాకెట్ కోసి నూనెలో వేస్తే సరిపోదా? గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా ఆడపడుచైతే "వదినా, నువ్వేం చేస్తున్నావో చెప్పు, అదే చేస్తా" అని ఫోన్ పెట్టేసింది. అందుకని పోయిన వారం పటమటలో మా ఇంట్లో రెండు రకాలూ వేయించి చూశా.

రుచి సంగతి తర్వాత, ముందు నూనె కాక చూడాలి. మన బాండీలో పోసేది మహా అయితే లీటరు నూనె, కింద ఇంటి స్టవ్ మంట. 180 డిగ్రీలు కాగాక ఫ్రోజెన్ ఫ్రైస్ పావుకిలో ఒకేసారి వేశా, చూస్తుండగానే థర్మామీటర్ 135కి పడిపోయింది. పడదా మరి, ఐసు కరగడానికే అన్ని నీళ్లని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచేంత వేడి కావాలి, అదంతా ఆ లీటరు నూనెలోంచే లాగుతుంది. బుడగలు చప్పబడిపోయి, తీసేసరికి ఫ్రైస్ నూనె కారుతూ వాలిపోయాయి. అదే ప్యాకెట్ రెండేసి గుప్పెళ్ల చొప్పున వాయిలు తీస్తే మాత్రం చిల్లుల గరిటెలో గలగలమన్నాయి. అంటే "ఫ్రోజెన్ బాగోదు" అనేవాళ్లలో సగం మంది తప్పు ప్యాకెట్‌ది కాదు, వాయిది.

తాజా చికెన్‌లో కరగాల్సిన ఐసు ఉండదు కాబట్టి నూనె అంతగా చల్లారదు, కాస్త చెయ్యి జారి ఎక్కువ పడినా మన్నిస్తుంది. పైగా అల్లం వెల్లుల్లి, కారం ముక్కకి పట్టి ఉంటాయి. నగ్గెట్‌లో ఉప్పు తప్ప ఏముంది? గుంటూరు కారం తిన్న నోటికి అది ఆనదు. అయినా తెచ్చుకుంటే కవర్ మీద చదవండి, కొన్ని ముందే ఉడికించినవి, కొన్ని లోపల పచ్చివి. పచ్చివైతే పైన ఎర్రబడగానే తీయకూడదు, ముక్క మధ్యలో 74 డిగ్రీలు రావాలి.

బంగాళాదుంప దగ్గర మాత్రం నేను పార్టీ మార్చేశా. ఇంట్లో ఫ్రైస్ అంటే తరిగి నీళ్లలో నానేసి, గుడ్డ మీద ఆరబెట్టి, 150 దగ్గర ఒకసారి, చల్లారాక 180 దగ్గర ఇంకోసారి వేయించాలి. అంతా చేశాక, చాలా రోజులు చల్లని చోట నిలవున్న దుంప అయితే పిండి పదార్థం చక్కెరగా మారి నల్లగా వేగుతుంది. ఫ్యాక్టరీలో ఉడకబెట్టి ఒక వాయి ముందే తీసి గడ్డకట్టిస్తారు, రెండో వాయి మాత్రమే మనది. వాటిని కరగనివ్వకండి, తిన్నగా ఫ్రీజర్‌లోంచి బాండీలోకే. కాకపోతే ముక్కలకంటిన మంచుపొడి దులపాలి, నీళ్లు ఆవిరైతే దాదాపు 1700 రెట్లు ఉబ్బుతాయి, నా ముంజేతి మీద ఇంకా రెండు మచ్చలున్నాయి.

ఇంటి ఫ్రీజర్‌లో పెట్టిన చేపకి దీనికి పూర్తిగా రివర్సు. ఫ్రిజ్‌లోనే కరిగించి, తడి బాగా అద్ది, అప్పుడు మసాలా. ఎంత చేసినా ముక్క విరుగుతుంది, నెమ్మదిగా గడ్డకట్టేటప్పుడు పెద్ద పెద్ద మంచు పలుకులు కండని చీల్చేస్తాయి. చేప తాజాదే తినండి.

ఎండాకాలం కరెంటు పోయి వచ్చే రోజుల్లో ప్యాకెట్ కొనేముందు చెవి దగ్గర ఊపి చూడండి. ముక్కలు విడివిడిగా గలగలమంటే మంచిది, ఒకటే ముద్దగా ఉంటే మధ్యలో కరిగి మళ్లీ గట్టిపడ్డట్టే. మొన్న మా వీధి చివర కొట్లో అలాంటిదే చేతికిచ్చారు, అక్కడే తిరిగిచ్చేశా.

ఎయిర్ ఫ్రయ్యర్ గురించి కూడా అడుగుతున్నారు. ఫ్రోజెన్ ఫ్రైస్‌కి పర్లేదు, పకోడీకి వద్దు. మిరపకాయ బజ్జీకైతే అసలు ఈ చర్చే లేదు.

ప్రస్తుతం మా ఫ్రీజర్‌లో ఫ్రైస్ ప్యాకెట్ ఒక్కటే ఉంది. చికెన్ కోసం ఆదివారం పొద్దున్నే మా ఆయన సంచి పట్టుకుని లైన్లో నిలబడుతున్నారు.