నెల్లూరులో బీఎస్సీ మ్యాథ్స్ సాయంత్రం క్లాసులు: ప్రూఫ్ రాయడం నేర్పే చోటు

మాగుంట లేఅవుట్‌లో నడిచే ఈ క్లాసులు సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం 6 నుంచి 8. బ్యాచ్‌కి 12 మందే, ఫీజు నెలకు 1500. మొదటి గంట పాఠం, రెండో గంట రాత. ఆ రెండో గంట కోసమే ఇక్కడ చేరాలి.

ఇంటర్ ఎంపీసీ నుంచి వచ్చిన పిల్లలకి లెక్కంటే ఆప్షన్ పట్టుకోవడమే. ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకి 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవే. అంత వేగానికి అలవాటుపడ్డ చెయ్యి డిగ్రీలో రియల్ అనాలిసిస్ (అవధులు, కంటిన్యుటీలాంటివి రుజువులతో చదివే పేపర్) దగ్గర ఆగిపోతుంది. చాలామంది అక్కడ సిద్ధాంతాలన్నీ బట్టీ పట్టేస్తారు. ఇక్కడ ఆ బట్టీని మాన్పిస్తారు.

ఉదాహరణకి (3ఎన్+1)/(ఎన్+2) అనే అనుక్రమం అవధి (ఎన్ పెరిగేకొద్దీ చేరువయ్యే విలువ) 3 అని చూపమంటే, పేజీని నిలువుగా రెండుగా మడవమంటారు. ఎడమ పక్క చిత్తు పని: తేడా తీస్తే 5/(ఎన్+2) వస్తుంది, అది ఎప్సిలాన్ (ఎంత చిన్నదైనా ఇవ్వగల ధన సంఖ్య) కంటే చిన్నది కావాలంటే ఎన్ ఎంత దాటాలి? ఎప్సిలాన్ 0.1 అయితే 48 దాటాలి, 0.01 అయితే 498 దాటాలి. అంకెలతో చేతికి తగిలాకే సాధారణ సూత్రం. కుడి పక్క అసలు ప్రూఫ్: ఎప్సిలాన్ తీసుకో, ఎన్ ఎక్కడ మొదలవ్వాలో చెప్పు, అప్పుడు అసమానత చూపు. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు, చిత్తు పనినే ప్రూఫ్‌గా దించెయ్యడం. అంటే రుజువు చెయ్యాల్సిన మాటతోనే మొదలుపెట్టడం. దిద్దేటప్పుడు మాస్టారు ఆ మొదటి లైను కింద గీత గీసి 'ఇది నీకు ఎవరిచ్చారు?' అని రాస్తారు. మార్కులు వెయ్యరు, మళ్లీ రాయిస్తారు. ఇది చాలా మంచి పద్ధతి.

ఇంకో మెచ్చుకోదగ్గ సంగతి, ప్రతి నిర్వచనాన్నీ ముందు తెలుగులో పలికించడం. 'ఎప్సిలాన్ ఏదిచ్చినా దానికి తగ్గ స్థానం ఒకటి దొరుకుతుంది' అనేది ఒకటి, 'ఒకే స్థానం అన్ని ఎప్సిలాన్‌లకీ సరిపోతుంది' అనేది వేరొకటి. రెండోది ఎక్కడో ఒకచోట నుంచి మారకుండా ఉండిపోయే అనుక్రమాలకే నిజం. ఈ తేడా నోట్లో పడితే యూనిఫాం కంటిన్యుటీ (బిందువులు ఎంత దగ్గరైతే విలువలు దగ్గరవుతాయో చెప్పే కొలత అన్నిచోట్లా ఒకటే కావడం) కూడా తేలికవుతుంది. 0కీ 1కీ మధ్య 1/ఎక్స్‌కి అది లేదని చెప్పడానికి 1/ఎన్, 1/(ఎన్+1) బిందువులు చూపిస్తారు: బిందువులు దగ్గరపడుతూనే ఉంటాయి, విలువల తేడా మాత్రం 1 దగ్గరే కదలకుండా ఉంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి ఇలా తెలుగులో పలికించడం పెద్ద అండ.

గ్రూప్ థియరీ కూడా బాగుంది. లగ్రాంజ్ సిద్ధాంతం (ఉపసమూహంలోని మూలకాల సంఖ్య మొత్తం సమూహం సంఖ్యని భాగిస్తుంది) చెప్పి ఊరుకోకుండా, 12 మూలకాల ఏ4లో (నాలుగు వస్తువుల సరి ప్రస్తారాల సమూహం) 6 మూలకాల ఉపసమూహం ఎందుకు ఉండదో పిల్లల చేతే వెతికిస్తారు.

లీనియర్ ఆల్జీబ్రా మాత్రం తొందర తొందరగా ముగిస్తారు. రో రిడక్షన్ బాగా చేయిస్తారు, ర్యాంక్-నల్లిటీకి (ర్యాంక్, నల్లిటీ కలిపితే మాత్రిక నిలువు వరసల సంఖ్య అనే సిద్ధాంతం) వచ్చేసరికి ఒక్క క్లాసుతో సరి. ఐఐటీ జామ్‌కి (ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) అది చాలదు.

పరీక్షల తయారీలోనూ లోటుంది. పీజీసెట్ (రాష్ట్ర యూనివర్సిటీల్లో పీజీ ప్రవేశ పరీక్ష), జామ్ వాళ్లిద్దరికీ ఒకే మాక్ పేపర్ ఇస్తున్నారు. పీజీసెట్‌లో 90 నిమిషాలకి 100 ప్రశ్నలు, తప్పుకి కోత లేదు, కావాల్సింది వేగం. జామ్‌లో 3 గంటలకి 60 ప్రశ్నలే. వాటిలో 10 ప్రశ్నలకి సరైన ఆప్షన్లన్నీ గుర్తిస్తేనే మార్కులు, ఒకటి వదిలినా సున్నా. 20 ప్రశ్నలకి ఆప్షన్లే ఉండవు, సంఖ్య మనమే రాబట్టాలి. ఈ రెండు రకాలకీ మాక్ పేపర్లో చోటే లేదు. జామ్ రాసేవాళ్లు పాత పేపర్లు విడిగా చేసుకోవాల్సిందే.

కావలి, గూడూరు నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లకి 8 గంటలకి వదలడం ఇబ్బంది. వాళ్లు ఆదివారం ఉదయం బ్యాచ్ అడగండి; అందులో రాత రెండు గంటలు ఉంటుంది, కొత్త పాఠం తక్కువ.

డెమో క్లాసుకి వెళ్లేటప్పుడు ఈమధ్య రాసిన సెమిస్టర్ ప్రూఫ్ ఒకటి, పుస్తకం చూడకుండా మళ్లీ రాసి పట్టుకెళ్లండి. అక్కడే కూర్చోబెట్టి దిద్దుతారు.