చీమకుర్తి స్లాబుకు ఒకలా, కూలర్ల షాపుకు ఇంకోలా: మూడు నెలల జీఎస్టీ రిటర్న్ ఐదేళ్ల వాడకం తర్వాత

జీఎస్టీలో రిటర్న్ మూడు నెలలకోసారి వేసి, పన్ను నెలనెలా కట్టే క్యూఆర్‌ఎంపీ పథకం 2021 జనవరి 1న మొదలైంది. ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటనివాళ్లు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 3బీ (పన్ను లెక్క) రెండూ మూడు నెలలకోసారి వేసుకోవచ్చు. ఒంగోలు, నెల్లూరు వైపు చిన్న వ్యాపారాల లెక్కల్లో మొదటి నుంచీ వాడుతున్నాం. ఇది పనికొచ్చేది కౌంటర్ అమ్మకాల షాపుకే. జీఎస్టీ నంబరున్న వ్యాపారులకు బిల్లు కొట్టేవాళ్లకు దీనివల్ల పని తగ్గదు.

‘ఇరవై నాలుగు రిటర్న్‌లు పోయి ఎనిమిదే మిగులుతాయి’ అని అందరూ చెప్పే లెక్క సగమే. మూడు నెలల్లో మొదటి రెండు నెలలకు పన్ను పీఎంటీ-06 చలాన్‌లో తరువాతి నెల 25లోపు కట్టాలి. అవి ఏడాదికి ఎనిమిది. ఆ రెండు నెలల్లో వ్యాపారులకు కొట్టిన బిల్లులను నెలనెలా పోర్టల్‌లోని ఐఎఫ్‌ఎఫ్ (ఇన్‌వాయిస్ ఫర్నిషింగ్ ఫెసిలిటీ)లో ఎక్కిస్తే ఇంకో ఎనిమిది. నాలుగు, నాలుగు, ఎనిమిది, ఎనిమిది కలిపితే మళ్లీ ఇరవై నాలుగే.

ఐఎఫ్‌ఎఫ్ వేయడం తప్పనిసరి కాదు, నిజమే. కానీ చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఏప్రిల్‌లో చెన్నై వ్యాపారికి 2 లక్షల స్లాబులు పంపిందనుకోండి. 18 శాతం చొప్పున 36,000 పన్ను. మే 13లోపు ఐఎఫ్‌ఎఫ్‌లో ఆ బిల్లు ఎక్కితే 14న అతని 2బీలో, అంటే కొనుగోళ్ల మీద దొరికే క్రెడిట్ పట్టికలో, కనిపిస్తుంది. ఎక్కకపోతే జులైలో క్వార్టర్ జీఎస్టీఆర్-1 వేసేదాకా కనిపించదు. 2022 జనవరి నుంచి 2బీలో లేని బిల్లుకు క్రెడిట్ లేదు, అంటే ఆ పన్నును కొన్నవాడు తను కట్టేదాంట్లో తగ్గించుకోలేడు. కాబట్టి అతను రాయి సొమ్ము పంపి 36,000 ఆపుకుంటాడు. ఫోన్ చేస్తే ‘ముందు బిల్లు చూపించు’ అంటాడు. అందులో తప్పు పట్టడానికీ లేదు.

ఐఎఫ్‌ఎఫ్‌కు 13 దాటితే లేట్ ఫీజు కట్టి వేయడం లాంటివి ఉండవు. ‘సేవ్’ చేసి ఊరుకున్న బిల్లులకు లెక్క లేదు, ఓటీపీతోనో డిజిటల్ సంతకంతోనో ఫైల్ చేస్తేనే చెల్లుతుంది. నెలకు 50 లక్షల విలువ వరకే పడుతుంది. ఎక్కువగా జరిగే తప్పు క్వార్టర్ చివర వస్తుంది. గుమస్తా సాఫ్ట్‌వేర్ నుంచి మూడు నెలల ఫైలు మొత్తం తీసి ఎక్కిస్తాడు, పోర్టల్ డూప్లికేట్ అని ఎర్రర్ చూపిస్తుంది. ఐఎఫ్‌ఎఫ్‌లో పోయినవి మళ్లీ ఎక్కించక్కర్లేదు. మూడో నెల బిల్లులు, ముందు రెండు నెలల్లో వదిలేసినవి, మూడు నెలల కౌంటర్ అమ్మకాలు, హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు కోడ్‌ల) పట్టిక, ఇవి పెడితే చాలు.

ఇక చలాన్. క్రియేట్ చలాన్‌లో ‘మంత్లీ పేమెంట్ ఫర్ క్వార్టర్లీ రిటర్న్’ ఎంచుకుంటే రెండు దార్లు అడుగుతుంది. ఒకటి 35 శాతం చలాన్, అంటే కిందటి క్వార్టర్‌లో రొక్కంగా కట్టిన పన్నులో 35 శాతం. క్రెడిట్‌తో సర్దుకున్నది ఇందులోకి రాదు. రెండోది ఆ నెల అసలు లెక్క వేసి కట్టడం. ఏ నెలకానెల మార్చుకోవచ్చు. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు.

నెల్లూరులో కూలర్లు, ఫ్యాన్లు అమ్మే షాపునే చూడండి. జనవరి-మార్చిలో రొక్కం 60,000 కట్టారు. ఏప్రిల్, మే నెలలకు 35 శాతం చొప్పున 21,000, 21,000. ఎండల్లో అమ్మకాలు పెరిగి ఆ క్వార్టర్ పన్ను 2,40,000 అయింది. మిగిలిన 1,98,000 జులై 22లోపు 3బీతో కట్టాలి. 35 శాతం గడువులోపు కట్టి, 3బీ కూడా వేళకు వేస్తే తేడాకు వడ్డీ లేదు. పథకంలో అన్నిటికన్నా మంచి సంగతి ఇదే. అన్నిటికన్నా ప్రమాదమూ ఇదే, ఎందుకంటే ఆ సొమ్ము కొత్త సరుకులోకి పోయి జులై 20న ఖాతా ఖాళీగా ఉంటుంది. రోజూ పన్ను వాటాను వేరే కరెంట్ అకౌంట్‌లోకి మళ్లించని షాపు దీని జోలికి పోకపోవడమే మేలు.

అసలు దెబ్బ ఆ తర్వాత. జులై, ఆగస్టులకు 35 శాతం అంటే 2,40,000 మీద 84,000 చొప్పున. అప్పటికి కూలర్ అడిగే మనిషి ఉండడు. ఆ రెండు నెలలూ అసలు లెక్క పద్ధతికి మారాలి. అయితే 2024 అక్టోబర్ నుంచి మూడు నెలలవాళ్లకు మొదటి రెండు నెలల 2బీ తయారు కావడం లేదు. కొనుగోలు బిల్లులను, అమ్మినవాళ్లు ఎక్కించినవి కనిపించే ఐఎంఎస్ డ్యాష్‌బోర్డులో పుస్తకంతో పోల్చుకుని క్రెడిట్ లెక్క వేసుకోవాలి. పోర్టల్‌లోని రొక్కం, క్రెడిట్ లెడ్జర్లలో సరిపడా నిల్వ ఉంటే చలాన్ అసలు అక్కర్లేదు.

చలాన్ ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ తప్ప లేట్ ఫీజు లేదు. 21,000 పది రోజులు ఆలస్యమైతే దాదాపు 104 రూపాయలు. క్వార్టర్ రిటర్న్ ఆలస్యమైతే మాత్రం రోజుకు 50, నిల్ అయితే 20. 3బీ వేయకుండా వదిలేస్తే తరువాతి ఐఎఫ్‌ఎఫ్, జీఎస్టీఆర్-1 కూడా ఆగిపోతాయి.

2025 జులై నుంచి 3బీలో అమ్మకాల పన్ను అంకెను చేత్తో దిద్దే వీలు పోయింది. జీఎస్టీఆర్-1లో తప్పుంటే 1ఏ అనే సవరణ ఫారంలో దిద్దాకే 3బీ. మన రాష్ట్రంలో జీఎస్టీఆర్-1 గడువు 13కూ 3బీ గడువు 22కూ మధ్య ఉండేవి తొమ్మిది రోజులే, మూడు నెలల తప్పులు ఆ తొమ్మిది రోజుల్లోనే వెతకాలి. కొన్నవాడి జీఎస్టీ నంబరు తప్పు పడితే 1ఏలోనూ కుదరదు, తరువాతి జీఎస్టీఆర్-1 దాకా ఆగాలి. నెలనెలా వేసేవాళ్లకు ఇక్కడ సుఖం, తప్పు ముప్పై రోజుల్లోనే బయటపడుతుంది.

పథకంలోకి రావడానికీ పోవడానికీ ఒకటే కిటికీ. జులై-సెప్టెంబర్ క్వార్టర్‌కైతే మే 1 నుంచి జులై 31 దాకా. ఆగస్టు 1న తెలివి వచ్చినా అక్టోబర్ క్వార్టర్‌కే మారగలరు. ఒంగోలులో ఒకటి, చెన్నైలో ఒకటి రిజిస్ట్రేషన్ ఉంటే పథకం దేనికది వేరుగా ఎంచుకోవచ్చు, కానీ 5 కోట్ల లెక్క మాత్రం పాన్ మీద రెండూ కలిపి.