ఫార్మాట్ చేశాక డ్రైవర్లు: విండోస్‌కు వదిలేయడమా, కంపెనీ సైట్ నుంచి తెచ్చుకోవడమా?

ల్యాప్‌టాప్‌లో విండోస్ కొత్తగా ఎక్కించాక డ్రైవర్లకు, అంటే పరికరాలను విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాములకు, మూడు దారులు. నెట్ కలిపి విండోస్ అప్‌డేట్‌కు వదిలేయడం, ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీ నుంచి ఒక్కొక్కటీ దించుకోవడం, ‘అన్నీ ఒక్క క్లిక్‌తో’ అనే అప్‌డేటర్ ప్రోగ్రాం. మూడోదాన్ని ఇక్కడే పక్కన పెట్టేయండి. అడగని ప్రోగ్రాములు వెంట వస్తాయి, తప్పు డ్రైవర్ పడితే అడిగే దిక్కుండదు.

మిగిలిన రెండింట్లో ఏది మేలో తేలాలంటే విండోస్ పరికరాన్ని ఎలా గుర్తుపడుతుందో చూడాలి. విండోస్ 95కు ముందు సౌండ్ కార్డు పెట్టాలంటే కార్డు మీది జంపర్లు (చిన్న పిన్ను తొడుగులు) మార్చి, కంప్యూటర్‌తో అది మాట్లాడే దారుల నంబర్లను చేత్తో కుదర్చాల్సి వచ్చేది: ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1, పోర్టు 220 అని. ఇప్పుడు పరికరమే తన నంబర్ చెబుతుంది. విండోస్‌లో పరికరాల జాబితా ఉండే డివైస్ మేనేజర్‌లో పరికరం మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్, అక్కడ హార్డ్‌వేర్ ఐడీస్. ‘వెన్’ (VEN, తయారుచేసిన కంపెనీ గుర్తు) పక్కన 8086 ఉంటే ఇంటెల్, 10డీఈ అయితే ఎన్విడియా, 10ఈసీ అయితే రియల్‌టెక్. ఆ నంబర్‌కు సరిగ్గా సరిపోయే డ్రైవర్ దొరక్కపోతే ఆ తరగతికంతటికీ పనికొచ్చే మామూలు డ్రైవర్‌తో విండోస్ సర్దుకుంటుంది.

చిక్కంతా ఈ సర్దుబాటులోనే. డివైస్ మేనేజర్‌లో సమస్య ఉందని చెప్పే పసుపు గుర్తు లేదు కదా, అన్నీ సరిగ్గా ఉన్నాయనుకుంటాం. డిస్‌ప్లే అడాప్టర్స్ తెరిస్తే ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటుంది. బొమ్మ వస్తుంది గానీ బ్రైట్‌నెస్ మారదు, రెండో మానిటర్ పలకదు. అసలు డ్రైవరే లేకపోతే మాత్రం కోడ్ 28 చూపిస్తుంది.

కీబోర్డు, పెన్ డ్రైవ్, వెబ్‌క్యామ్: వీటికోసం వెతకడం దండగ. వైఫై, బ్లూటూత్ కూడా విండోస్‌కే వదిలేయండి. చిప్‌సెట్ (మదర్‌బోర్డు మీది భాగాలను కలిపే చిప్‌లు), టచ్‌ప్యాడ్, ఫంక్షన్ కీలు, ఆడియో మాత్రం కంపెనీ సైట్ నుంచే, అదీ ముందు చిప్‌సెట్. ఒకే ఆడియో చిప్‌ను ఒక్కో కంపెనీ ఒక్కోలా అమర్చుకుంటుంది, అందుకే మామూలు డ్రైవర్‌తో స్పీకర్ పీలగా మోగుతుంది. గేమ్స్ ఆడేవాళ్లు గ్రాఫిక్స్ డ్రైవర్ ఎన్విడియా, ఏఎండీ సైట్ల నుంచి తీసుకోవచ్చు. అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌కైతే మదర్‌బోర్డు కంపెనీ పేజీయే దిక్కు.

మీరు వేసిన డ్రైవర్ మీద విండోస్ అప్‌డేట్ పాతది తెచ్చి పడేయడమూ మామూలే. అప్పుడు డ్రైవర్ ట్యాబ్‌లో ‘రోల్ బ్యాక్’ నొక్కండి. ప్రో ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ అనే సెట్టింగుల్లో విండోస్ అప్‌డేట్స్‌తో డ్రైవర్లు రాకుండా ఆపే వీలుంది.

రెండు చోట్ల విండోస్‌ను నమ్ముకుంటే పని మొదట్లోనే ఆగుతుంది. ఒకటి, ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో వీఎండీ (ఎస్ఎస్‌డీని ఇంటెల్ తన పద్ధతిలో నడిపే ఏర్పాటు) ఆన్‌లో ఉంటుంది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎస్ఎస్‌డీయే కనిపించదు. ఇంటెల్ ఆర్ఎస్‌టీ అనే స్టోరేజ్ డ్రైవర్‌ను పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని ‘లోడ్ డ్రైవర్’ నొక్కాలి. సెటప్ ఫైల్‌ను అలాగే పెడితే పనికిరాదు, విప్పిన ఫోల్డర్‌లో ఐఎన్ఎఫ్ (.inf) ఫైల్, అంటే డ్రైవర్ ఎలా వేయాలో విండోస్‌కు చెప్పేది, కనిపించాలి. బయాస్‌లో (విండోస్‌కు ముందే తెరుచుకునే మెషీన్ సెట్టింగుల్లో) వీఎండీ ఆపేసినా ఎస్ఎస్‌డీ కనిపిస్తుంది, కానీ పాత విండోస్ ఉంచుకోవాలనుకుంటే అది బూట్ కాకుండా పోవచ్చు. రెండోది, వైఫై డ్రైవర్ లేక నెట్ దగ్గర ఆగిపోవడం. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే మామూలుగా గట్టెక్కుతారు.

ఇంకా ఫార్మాట్ చేయలేదా? అయితే ఈ రెండు దారులకన్నా మేలైనది మీ మెషీన్‌లోనే ఉంది. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో పీఎన్‌పీయుటిల్ (pnputil) కమాండ్‌కు ఎక్స్‌పోర్ట్-డ్రైవర్ (/export-driver) ఆప్షన్, నక్షత్రం గుర్తు (*), ముందే తయారుచేసిన పెన్ డ్రైవ్ ఫోల్డర్ పేరు ఇస్తే, విండోస్‌తో రాని డ్రైవర్లన్నీ అందులోకి వస్తాయి. ఫార్మాట్ అయ్యాక డివైస్ మేనేజర్‌లో ‘అప్‌డేట్ డ్రైవర్’ నొక్కి, వెతకాల్సిన చోటుగా ఆ ఫోల్డర్ చూపించండి, ‘ఇంక్లూడ్ సబ్‌ఫోల్డర్స్’ టిక్ తీసేయకండి.