డైరీయా, మీటరా: పొరుగు స్టేషన్‌కు ఏది మేలు?

అమెరికాలో రేడియో శ్రోతల లెక్క తీసేది నీల్సన్ సంస్థ. అక్కడ చూసేది స్టేషన్ ఉన్న ఊరిని కాదు, శ్రోత ఇల్లున్న ఊరిని. బాల్టిమోర్‌లో కాపురముండి వాషింగ్టన్‌లో ఉద్యోగం చేసే మనిషి దారిలో వాషింగ్టన్ స్టేషన్ విన్నా, అది బాల్టిమోర్ లెక్కలోనే చేరుతుంది.

చిన్న మార్కెట్లలో డైరీ పద్ధతి. గురువారం నుంచి బుధవారం దాకా విన్నదంతా శ్రోతే రాయాలి. పొరుగూరి స్టేషన్ పేరు రాసినా చెల్లుతుంది. కాని మనిషికి గుర్తుండేది అలవాటైన పేరే. కారులో కాసేపు విన్నది జారిపోతుంది.

పెద్ద నగరాల్లో వెంట ఉంచుకునే చిన్న మీటరు. ప్రసారంలో కలిపిన, చెవికి తెలియని సంకేతాన్ని అది పసిగడుతుంది. వినికిడి లెక్కకు రావాలంటే పావుగంటలో 5 నిమిషాలు వినాలన్న నిబంధనను 2025లో 3 నిమిషాలకు తగ్గించారు. చిక్కల్లా ఒక్కటే, అదీ పెద్దదే: సంకేతం కలపని స్టేషన్ ఎంత స్పష్టంగా వినిపించినా మీటరుకు లేనట్టే. పక్క నగరానికి చేరే చిన్న స్టేషన్ అక్కడ లెక్కకు రావాలంటే ఆ సంకేతాన్ని కలిపే పరికరం, ఎన్‌కోడర్, పెట్టుకోవాల్సిందే.

కచ్చితత్వంలో మీటరుకే నా ఓటు. అయినా సరిహద్దు దాటి వినిపించే చిన్న స్టేషన్‌కు డైరీలోనే ఎక్కువ న్యాయం జరుగుతుందని గట్టిగా నమ్ముతాను.