ప్రోటాన్‌ని కొలవడానికి ఎలక్ట్రానా, మ్యూయానా: ఏది మేలు?

తార్నాకలో ఎంఎస్సీ ఫిజిక్స్ పిల్లలకు న్యూక్లియర్ పేపర్ చెబుతుంటాను. ప్రోటాన్ మీద ఎలక్ట్రాన్లని కొట్టి దాని సైజు కొలిచిన హాఫ్‌స్టాటర్ ప్రయోగం పాఠం అవగానే ఎవరో ఒకరు లేచి అడుగుతారు, "సర్, మ్యూయాన్‌తో అంత కచ్చితంగా తెలుస్తుంటే ఇంకా ఎలక్ట్రాన్లతో కొట్టడం దేనికి?" అని. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది, క్లాసులో పూర్తిగా తేలదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

సైజు ఒక్కటే కావాలంటే మ్యూయానే మేలు. మ్యూయాన్ అంటే ఎలక్ట్రాన్ లాంటిదే, కాకపోతే బరువైన కణం, దాని ద్రవ్యరాశి ఎలక్ట్రాన్‌కి దాదాపు 207 రెట్లు, హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ బదులు దాన్ని పెడితే ప్రోటాన్‌కి అంతకంత దగ్గరగా తిరుగుతుంది, అందువల్ల ప్రోటాన్ సైజు ప్రభావం దాని శక్తి స్థాయిల మీద బాగా పడుతుంది, ఆ తేడాని లేజర్‌తో పట్టేయొచ్చు. స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇలా కొలిచి 2010లో ప్రకటించిన వ్యాసార్థం 0.842 ఫెమ్టోమీటర్లు (ఫెమ్టోమీటర్ అంటే 10⁻¹⁵ మీటరు). అప్పటిదాకా అందరూ వాడుతున్నది 0.877. అదే ఏడాది జర్మనీలోని మైంజ్‌లో ఎలక్ట్రాన్ స్కాటరింగ్‌తో, అంటే ఎలక్ట్రాన్లని కొట్టి అవి ఎంత పక్కకి తిరిగాయో చూసి, 0.879 వచ్చింది. ఆ 4 శాతం తేడా మీద ఏళ్లతరబడి గొడవ నడిచింది.

ఎలక్ట్రాన్ పద్ధతికి ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, వ్యాసార్థం తెలిసేది ఫార్మ్ ఫ్యాక్టర్ గ్రాఫ్‌కి (ఎలక్ట్రాన్ ఎంత గట్టిగా తగిలితే, ప్రోటాన్ ఒట్టి బిందువైతే రావాల్సినదానికన్నా స్కాటరింగ్ ఎంత తగ్గిందో చూపే గీత అది) సున్నా దగ్గర ఉన్న వాలు నుంచి. సున్నా అంటే ఎలక్ట్రాన్ అసలు పక్కకి తిరగకూడదు, తిరగనిదాన్ని బీమ్‌లోంచి వేరుచేసి లెక్కపెట్టేదెలా? అందుకని ఉన్న పాయింట్ల నుంచి గీతని సున్నా దాకా పొడిగించాలి, ఏ ఫార్ములాతో పొడిగించామన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో ప్రాడ్ ప్రయోగం వాళ్లు దీన్ని ఎంత శ్రద్ధగా ఎదుర్కొన్నారో చూస్తే ముచ్చటేస్తుంది. ఒక డిగ్రీ కన్నా తక్కువ కోణాల దాకా వెళ్లారు, హైడ్రోజన్ వాయువుకి ముందూ వెనకా పల్చటి రేకు కిటికీలు కూడా లేకుండా చేశారు, ఎలక్ట్రాన్‌ని ఎలక్ట్రాన్ ఢీకొట్టే ఘటనల్ని అదే డిటెక్టర్‌లో కొలిచి వాటితో సరిపోల్చారు. 2019లో వాళ్లకి వచ్చింది 0.831, అంటే మ్యూయాన్ మాటకి దగ్గరగా.

కానీ వ్యాసార్థం ఒక్క సంఖ్య. లోపల ఏముందో అది చెప్పదు. ప్రోటాన్ చుట్టూ తిరిగే మ్యూయాన్‌ని ఎన్నేళ్లు కొలిచినా ప్రోటాన్ లోపలుండే చిన్న కణం, క్వార్క్, బయటపడదు. 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్ దగ్గర స్లాక్ యాక్సిలరేటర్‌లో 20 జీఈవీ (గిగా ఎలక్ట్రాన్ వోల్టులు) దాకా శక్తి ఉన్న ఎలక్ట్రాన్లతో ప్రోటాన్‌ని కొట్టినప్పుడు, పెద్ద కోణాల్లో అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ ఎలక్ట్రాన్లు కనిపించాయి, అంటే లోపల బిందువుల్లాంటివేవో ఉన్నాయన్నమాట! ఫ్రీడ్‌మన్, కెండాల్, టేలర్‌లకు 1990 నోబెల్ దీనికే. ఆ బిందువులే క్వార్కులు. తర్వాత హాంబర్గ్‌లోని హెరా యాక్సిలరేటర్, లోపల క్వార్కుల్ని కలిపి ఉంచే గ్లూయాన్లు ఎంత కిక్కిరిసి ఉంటాయో చూపించింది.

అలాగని మ్యూయాన్ సైజుకే పనికొస్తుందనుకోవద్దు, జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో దాన్నీ బీమ్‌గా కొట్టి చూశారు, ప్రోటాన్ స్పిన్‌లో (కణం తనలో తాను తిరుగుతున్నట్టుండే గుణం) క్వార్కుల స్పిన్ వాటా చాలా తక్కువని 1980ల చివర్లో బయటపెట్టింది ఆ ప్రయోగమే. కాబట్టి అసలు పోటీ ఎలక్ట్రాన్‌కీ మ్యూయాన్‌కీ కాదు, చుట్టూ తిప్పి కొలవడానికీ గురిపెట్టి కొట్టడానికీ. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే కొట్టడమే అంటాను.

ప్రాజెక్ట్ కోసం వెతుకుతున్న పిల్లలకో మాట: ఇక్కడ మన దగ్గర అలాంటి యాక్సిలరేటర్ లేదని దిగులు పడకండి. ప్రాడ్ పాయింట్లు ప్రచురించే ఉన్నాయి, ల్యాప్‌టాప్‌లో వేసుకుని ఫిట్ ఫార్ములా మార్చి మార్చి చూడండి, వ్యాసార్థం ఎంత కదులుతుందో మీకే తెలుస్తుంది.