బర్కిలీ క్యాంపస్: వీల్‌చైర్‌తో చూడొచ్చా?

చూడొచ్చు, కాకపోతే ఏ వైపు నుంచి వెళ్తున్నారన్నది ముఖ్యం. కాలిఫోర్నియా యూనివర్సిటీ వారి బర్కిలీ క్యాంపస్ కొండవాలు మీద ఉంది. పడమర నుంచి తూర్పుకు అంతా ఎత్తే. నాన్నగారి వీల్‌చైర్ తోస్తుంటే ఆ వాలు నా భుజాలకు బాగానే తెలిసింది. కారులో పైకి చేరి, కిందికి దిగుతూ చూడడం మేలు. బ్రేకులు మాత్రం ముందే చూసుకోండి.

1868లో పెట్టిన ప్రభుత్వ యూనివర్సిటీ ఇది. నోబెల్ బహుమతుల సంగతి అందరూ చెప్తారు. నాకు నచ్చింది ఎడ్ రాబర్ట్స్ కథ. పోలియోతో మెడ కింద దాదాపు అంతా చచ్చుబడిన మనిషి 1962లో ఇక్కడ చేరాడు. రాత్రిళ్లు ఊపిరి ఆడించే పెద్ద ఇనుప యంత్రంలో పడుకోవాలి. అది పట్టే హాస్టల్ గది లేక, క్యాంపస్‌లోని కోవెల్ ఆసుపత్రిలోనే ఉండి చదివాడు. తర్వాత అలాంటివాళ్లు మరికొందరు కలిసి ‘రోలింగ్ క్వాడ్స్’ అని పేరు పెట్టుకుని, పోట్లాడి మరీ సౌకర్యాలు సాధించుకున్నారు.

క్యాంపస్‌లోని ఎత్తైన గంటల గోపురం సేథర్ టవర్‌లో లిఫ్ట్ ఉంది, కానీ అది దిగాక పైకి మళ్లీ మెట్లే. టైముంటే యాష్‌బీ బార్ట్ (అక్కడి లోకల్ రైలు) స్టేషన్ దగ్గరున్న ఎడ్ రాబర్ట్స్ క్యాంపస్‌కి కూడా వెళ్లండి. అది ఆయన పేరుతో వికలాంగుల సంస్థల కోసం కట్టిన భవనం. లోపల గుండ్రంగా తిరుగుతూ పైకెళ్లే ఎర్ర ర్యాంప్ ఉంది. నాన్నగారు ఇంకోసారి తిప్పమన్నారు.